తెరచాటు కబుర్లు: బుల్లి అంబాసిడర్‌కి బురద రంగు

‘మాయాబజార్’ (1957)లో మనం నోళ్లు వెళ్లబెట్టి చూసిన ద్వారకానగరం మద్రాసు వాహినీ స్టూడియోలో కట్టిన బొమ్మల ఊరు. మార్కస్ బార్‌ట్లే కెమెరా దాన్ని మహానగరం చేసేసింది. అయితే బార్‌ట్లే ఎంతటి మొనగాడైనా, బొమ్మ మీద రంగు మందంగా ముద్దకట్టి ఉంటే ఏం చెయ్యగలడు? బొమ్మ గుట్టు రట్టుచేసేది ముందుగా రంగే!

లెక్క చూడండి. అసలు అంబాసిడర్ పొడవు సుమారు నాలుగు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు. పన్నెండు సెంటీమీటర్ల బొమ్మంటే అది ముప్ఫయ్యారో వంతు. దాని మీద రంగు అర మిల్లీమీటరు మందం పడిందనుకోండి, నిజం కారు మీద పద్దెనిమిది మిల్లీమీటర్ల పూత పడ్డట్టే. బొటనవేలి వెడల్పు! కుంచె పనికిరాదు, స్ప్రే కొట్టాల్సిందే అనేది ఇందుకే.

ఈ గొడవంతా ఇప్పుడెందుకంటారా? మా మేనల్లుడొకడు నాగాయలంకలో పదో తరగతి చదువుతున్నాడు. సెల్‌ఫోనుతో పది నిమిషాల సినిమా తీస్తాట్ట. కథ 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. ఆ రోజుల్లో వాళ్ల నానమ్మగారి ఊళ్లో ఉన్న ఒకే ఒక కారు రైసుమిల్లు వాళ్ల అంబాసిడరు. ఉప్పెన మర్నాడు అది పొలంలో బోర్లాపడి కనిపించిందట. సినిమా మొదటి షాటు అదేనంటాడు మావాడు.

జపాను టామియా వాళ్ల కిట్లు చాలా కార్లకు దొరుకుతాయి గానీ మన అంబాసిడర్ కిట్టు మా బందరు కొట్లలో ఎక్కడా కనబడలేదు. అసలు కారునే 2014లో ఆపేశారు కదా! చివరికి బొమ్మల కొట్లో ప్లాస్టిక్ అంబాసిడర్ కొని, అడుగున మేకులు విప్పి, అద్దాలూ చక్రాలూ వేరుచేసి, ఒంటి డొక్కు మిగుల్చుకున్నాం.

మొదటి పని కడగడం. అచ్చులోంచి ఊడిరావడానికి రాసిన జిడ్డూ, మన వేళ్ల చమురూ ఉంటే రంగు పట్టదు. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. తరవాత వెయ్యి నంబరు నీటికాగితంతో మెల్లిగా రుద్ది, ప్రైమరు పల్చగా కొట్టాలి. పెడనలో కలంకారీ వాళ్లు గుడ్డకు ముందు కరక్కాయ పట్టిస్తారు చూశారా? కరక్కాయ లేకపోతే అద్దకం నిలవదు. ప్రైమరు చేసేదీ అలాంటి పనే. పైగా మోటారు కొట్లో దొరికే కార్ల స్ప్రే డబ్బాల్లో ద్రావకం ఘాటైనది. ఉత్త ప్లాస్టిక్ మీద తడిగా పడితే ఒళ్లు పగిలి ముడతలు పడుతుంది. అందుకని ముందు అడుగుభాగాన, ఎవరికీ కనబడనిచోట, ఒక చుక్క కొట్టి చూసుకోవాలి.

గుడివాడలో కార్ల పెయింటింగ్ షెడ్డు మేస్త్రి ఒకాయన్ని కదిపితే ఒకే మాట చెప్పాడు: “బండి మీద మొదలెట్టకండి సార్, బండి మీద ఆపకండి.” అంటే స్ప్రే బొమ్మకు ఇవతల గాలిలో మొదలై, బొమ్మ దాటి, అవతల గాలిలో ఆగాలి. మొదలెట్టినచోటా ఆపినచోటా చుక్కలు రాలతాయి మరి. జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా, మొదట తుంపరలాగా రెండు కోట్లు, ఆరాక తడిగా ఒక కోటు. ఆశపడి ఒకేసారి కొడితే ధార కడుతుంది.

అన్నీ సరే, మన వాతావరణంతోనే చిక్కు. మావాడు తొలి కోటు వర్షాకాలపు పొద్దున కొట్టాడు. మీగడరంగు కాస్తా బూజు పట్టినట్టు తెల్లగా మసకేసింది. రంగు పాడైపోయిందనుకుని వాడు ఏడుపుమొహం పెట్టాడు గానీ, అది రంగు తప్పు కాదు, గాలి తప్పు. ద్రావకం జోరుగా ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది. చెమ్మగాలి దాని మీద మంచులా పేరుతుంది. ఆ తేమ లోపల చిక్కుపడి తెల్లబారుతుంది. సముద్రపు గాలి తగిలే మన తీరంలో ఇది మామూలే. రుద్దేసి, వాన వెలిసిన ఎండరోజున మధ్యాహ్నం పూట మళ్లీ కొట్టించాను. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. గోరువెచ్చని అన్నాను బాబూ, పొయ్యిమీద పెట్టమన్లేదు! డబ్బాలో తోసే గ్యాసు అంటుకునే రకం. వంటింట్లో స్టవ్వూ, పూజగదిలో దీపమూ రెండూ ఆరిపోయి ఉండాలి. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే చాలనుకునేవాళ్లున్నారు. చాలదు. ద్రావకపు ఆవిరిని ఆపే డబ్బీలున్న మాస్కు కావాలి, గాలి ఆడేచోటు కావాలి. ఇక సాయంత్రం పూట కొట్టారంటే పూత మీద దోమలు వాలి శాశ్వతంగా నివాసం ఉంటాయి.

వారం రోజులు ఆరబెట్టాం. నిగనిగలాడే మీగడరంగు కారు తయారైంది. ఇక దాన్ని పాడుచెయ్యాలి! మావాడు మట్టిరంగు గోధుమ పొడి కలిపి పూసి, గర్వంగా నానమ్మకు చూపించాడు. మా అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“బురద ఈ రంగు కాదురా. నల్లగా ఉంది. ఎండేక తెల్లటి పొరలు లేచినయ్, ఉప్పు.”

అంతకుమించి ఏమీ అన్లేదావిడ. ఆవిడ పుట్టింటివైపు మిగిలినవాళ్లకన్నా పోయినవాళ్లే ఎక్కువ. సొర్లగొంది, పాలకాయతిప్ప పేర్లు ఇంట్లో ఎవరూ ఊరికే ఎత్తరు. మావాడు కిక్కురుమనకుండా వెళ్లి బొమ్మ కడుక్కొచ్చాడు. గోధుమరంగు బురద మనం సినిమాల్లో చూసి నేర్చుకున్నది. సముద్రం కమ్మిన దివిసీమ నల్లరేగడి బురద ఎలా ఉంటుందో ఆవిడ కళ్లకే తెలుసు. ఈసారి పెరట్లో నల్లమట్టినే గుడ్డలో జల్లించి, మెరుపులేని వార్నీషుతో పట్టించాం. పైన ఉప్పునీళ్లు చల్లి ఎండలో పెడితే, తెల్లపొర దానంతటదే లేచింది. ఏ స్ప్రే డబ్బా ఇస్తుందండీ ఆ రంగు?

ఉప్పెన అల ఎలా తీస్తావురా అన్నాను. తియ్యనన్నాడు. తెలివైనవాడే! మినియేచర్లలో మహా మొండిఘటం నీరు. కారును ముప్ఫయ్యారో వంతు చెయ్యొచ్చు గానీ నీటిచుక్క చిన్నదవమంటే అవదు. కదిలే షాటేదైనా ఉంటే కెమెరా వేగం పెంచాలి: స్కేలుకు వర్గమూలం కట్టాలి. ముప్ఫయ్యారుకు ఆరు. మామూలు ఇరవైనాలుగు ఫ్రేముల్ని ఆరుతో హెచ్చవేస్తే సెకనుకు 144. ఫోన్లో 120 ఉంది, 240 ఉంది. బురదలోంచి కారును తాడుకట్టి లాగే ఒక్క షాటూ 120లో తీస్తాట్ట.

మిగిలింది తలుపుల సంగతి. ఫోన్లో తీసిన నమూనా చూసి అత్తయ్యగారు, “ఎడంపక్క తలుపు తీసే ఉంది, ఎవరో దిగబోయినట్టు” అన్నారు. బొమ్మకు తలుపులు తెరుచుకోవు. మావాడు సన్నరంపం కోసం అవనిగడ్డ వెళ్లాడు.