ల్యాప్‌టాప్ లెక్క: కంపెనీకి ఒకటి, విద్యార్థికి మరొకటి

ఉల్లిపాయ ధర పెరిగితే పార్లమెంటు దద్దరిల్లుతుంది. పెట్రోలు ధర పెరిగితే ప్రతిపక్షం ఎడ్లబండి ఎక్కుతుంది. కంప్యూటర్ ధర పెరిగితే మాత్రం వాణిజ్య పేజీలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది, అంతే. శక్తిమంతమైన ల్యాప్‌టాప్ అంటే సంపన్నుల పిల్లలు ఆటలాడుకునే వస్తువన్న అభిప్రాయం మన రాజకీయ వర్గాల్లో ఇంకా చెదరలేదు. కానీ నోయిడాలో వీడియో ఎడిటింగ్ చేసేవారికి, గురుగ్రామ్‌లో భవనాల నమూనాలు గీసేవారికి, ఢిల్లీ కళాశాలల్లో కృత్రిమ మేధ చదివే విద్యార్థులకు అది పనిముట్టు. వడ్రంగికి ఉలి ఎలాంటిదో వారికి ఇదీ అలాంటిదే. ఆ పనిముట్టు విలువను తూచడమంటే దాని వేగాన్నే కాదు, దాని చుట్టూ అల్లుకున్న ప్రభుత్వ విధానాలను కూడా తూచడమే.

ముందు యంత్రం సంగతి. 2025 జనవరిలో లాస్ వెగాస్‌లో ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్ ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి గ్రాఫిక్స్ చిప్‌లను ఆవిష్కరించారు. ఆ తరువాతి నెలల్లో వాటితో తయారైన ల్యాప్‌టాప్‌లు నెహ్రూ ప్లేస్ దుకాణాలకు చేరాయి. శ్రేణిలో అగ్రస్థానం 5090ది. ఆ పేరుతో డెస్క్‌టాప్‌లో బిగించే కార్డులో 21,760 కోర్లు, 32 జీబీ మెమరీ ఉంటాయి; 575 వాట్ల వరకు విద్యుత్తు తీసుకుంటుంది. అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చే చిప్‌లో 10,496 కోర్లు, 24 జీబీ మెమరీ మాత్రమే. విద్యుత్తు పరిమితి 95 నుంచి 150 వాట్లు. అంటే పేరు ఒకటే, లోపలి చిప్ వేరు. కోర్ల సంఖ్య సగానికంటే తక్కువ.

సామాన్య కొనుగోలుదారుకు ఎక్కువగా ఎదురయ్యేది 5070. అందులోనూ ఇదే తంతు. ల్యాప్‌టాప్ 5070 చిప్‌కు తయారీదారు 50 వాట్లు ఇవ్వవచ్చు, 100 వాట్లు ఇవ్వవచ్చు. రెండింటి మీదా అతికించే స్టిక్కర్ ఒకటే. పలుచని, తేలికైన మోడల్‌లో 50 వాట్లతో నడిచే చిప్, మందమైన మోడల్‌లో 100 వాట్లతో నడిచే చిప్‌తో సమానంగా పనిచేయదు. ఒకే పేరున్న రెండు యంత్రాల్లో ఖరీదైనదే నెమ్మదైనది కావడం కూడా సాధ్యమే. ఈ వాట్ల సంఖ్య ప్రకటనల్లో కనిపించడం అరుదు. వెబ్‌సైట్‌లో వివరాల పట్టిక అడుగున వెతుక్కోవాలి. పప్పు ప్యాకెట్ మీద నికర బరువు ముద్రించకపోతే నేరమయ్యే దేశంలో, రెండు లక్షల రూపాయల వస్తువుకు ఆ పాటి నియమం లేకపోవడం వింతే.

దీనికి ఢిల్లీ వాతావరణం తోడవుతుంది. పనితీరు పరీక్షలు సాధారణంగా చల్లని గదుల్లో జరుగుతాయి. మే, జూన్ నెలల్లో నగరంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటినప్పుడు, ఏసీ లేని అద్దె గదిలో అదే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్లలో పేరుకునే దుమ్ము ఆ పరిస్థితిని మరింత దిగజారుస్తుంది. కాబట్టి ఉత్తర భారతంలో కొనేవారికి తెర మెరుపుకంటే, లోపలి రంగుల దీపాలకంటే, వేడిని బయటికి పంపే ఏర్పాటు ముఖ్యం. ఫ్యాన్లు శుభ్రం చేసుకునేందుకు అడుగు పలక సులభంగా ఊడివస్తుందా, ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చుకునే వీలుందా అన్నవే అసలు ప్రశ్నలు.

మెమరీ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ల్యాప్‌టాప్ 5050, 5060, 5070 మూడింటిలోనూ గ్రాఫిక్స్ మెమరీ 8 జీబీయే. 5070 టీఐకి వస్తేనే 12 జీబీ. ఎనిమిది వందల కోట్ల పరామితుల భాషా నమూనాను కుదించి నడపడానికి 8 జీబీ సరిపోతుంది. పద్నాలుగు వందల కోట్ల నమూనాకు సాధారణంగా చాలదు. ఆటలు, మామూలు ఎడిటింగ్ కోసమైతే 5060 చాలు; దానికీ 5070కీ మధ్య తేడాకు భారీగా చెల్లించడం దండగ. కృత్రిమ మేధ మీద పనిచేయాలనుకునేవారికి 12 జీబీ నుంచే విలువ మొదలవుతుంది. నాలుగు లక్షలు దాటే 5090 యంత్రం, దానితోనే సంపాదన ఉన్నవారికి తప్ప, ఎవరికీ లాభసాటి బేరం కాదు.

2025 చివరి నుంచి మరో భారం వచ్చి పడింది. డేటా కేంద్రాల ఆకలికి మెమరీ చిప్‌ల ఉత్పత్తి అటు మళ్లింది. మైక్రాన్ సంస్థ డిసెంబర్‌లో తన క్రూషియల్ వినియోగదారుల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. ర్యామ్ ధరలు ఎగబాకాయి. పెద్ద కంపెనీల కృత్రిమ మేధ పోటీకి చిన్న కొనుగోలుదారు పరోక్షంగా కప్పం కడుతున్నాడు.

ఇక పన్ను. 2025 సెప్టెంబర్ 3న ఢిల్లీలో సమావేశమైన జీఎస్టీ మండలి ఏసీలను, పెద్ద టీవీలను 28 శాతం నుంచి 18 శాతానికి దించింది. ల్యాప్‌టాప్ మాత్రం ఉన్న 18 శాతంలోనే ఉండిపోయింది. అంటే ఖజానా దృష్టిలో గది చల్లబరిచే యంత్రం, చదువుకునే యంత్రం ఒకే వరుస. అసలు అన్యాయం ఈ శాతంలోకంటే దాని అమలులో ఉంది. రెండు లక్షల రూపాయల ల్యాప్‌టాప్‌కు జీఎస్టీ 36 వేలు. దానిని జీఎస్టీ నమోదు ఉన్న కంపెనీ కొంటే ఆ 36 వేలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తాయి. మిగిలిన రెండు లక్షల మీద ఆదాయపు పన్ను చట్టం ఏటా 40 శాతం తరుగుదల అనుమతిస్తుంది. 25 శాతం చొప్పున పన్ను కట్టే కంపెనీకి మొదటి ఏడే దాదాపు 20 వేలు మిగులుతాయి. అదే యంత్రాన్ని గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి ఢిల్లీలో చదువుకుంటున్న విద్యార్థి కొంటే 2,36,000 పూర్తిగా తండ్రి జేబులోంచి పోవాల్సిందే. ఒకే వస్తువు, ఒకే దుకాణం. ఉన్నవాడికి ఒక ధర, లేనివాడికి మరో ధర.

ఈ ధరను ప్రభావితం చేసే మరో మీట వాణిజ్య మంత్రిత్వ శాఖ చేతిలో ఉంది. 2023 ఆగస్టు 3న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, సర్వర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ తక్షణం అమల్లోకి వచ్చే నోటిఫికేషన్ ఇచ్చింది. గగ్గోలు పుట్టడంతో మర్నాడే అమలును అక్టోబర్ 31 వరకు వాయిదా వేసింది. అదే నెల ఢిల్లీ వచ్చిన అమెరికా వాణిజ్య ప్రతినిధి కేథరీన్ తాయ్ ఈ అంశాన్ని మంత్రి పీయూష్ గోయల్ వద్ద ప్రస్తావించారు. చివరకు అక్టోబర్‌లో తేలినది ఆన్‌లైన్ అనుమతి, దిగుమతుల పర్యవేక్షణ వ్యవస్థ. ఉరుము ఉరిమింది, చినుకు రాలింది.

ఇంత తడబాటు ఎందుకు? 1997లో భారత్ చేరిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందం ప్రకారం కంప్యూటర్ల మీద కస్టమ్స్ సుంకం వేయరాదు. ఫోన్ల మీద సుంకాల వివాదంలో 2023 ఏప్రిల్‌లోనే ఆ సంస్థ ప్యానెల్ భారత్‌కు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. సుంకం దారి మూసుకుపోయినందున లైసెన్సు దారి వెతికారు. దిగుమతుల్లో సింహభాగం చైనా నుంచి వస్తున్నందున భద్రతా కారణాలు చూపారు. ఆ ఆందోళన నిరాధారమైనది కాదు. అయితే ప్రత్యామ్నాయం సిద్ధం కాకముందే తలుపు మూయబోవడం పాలన కాదు, ప్రకటన మాత్రమే.

ప్రత్యామ్నాయం పేరు ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం. 2021లో మొదలైన పథకం ఆశించినంత ఫలితమివ్వకపోవడంతో 2023 మేలో రూ. 17,000 కోట్లతో రెండో విడత ప్రకటించారు. నవంబర్‌లో 27 సంస్థలకు ఆమోదం లభించింది. 2018లో ప్రధాని మోదీ, దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ నోయిడాలో ఫోన్ల కర్మాగారాన్ని ప్రారంభించిన శాంసంగ్, 2025లో గ్రేటర్ నోయిడాలో ల్యాప్‌టాప్‌ల తయారీ చేపట్టింది. ఇవి స్వాగతించదగ్గవే. అయితే ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్, మెమరీ, తెర దిగుమతి చేసుకుని ఇక్కడ బిగించినంత మాత్రాన యంత్రం స్వదేశీ కాదు. ఎన్విడియా 50 శ్రేణి చిప్‌లు తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ తయారుచేసేవి. 2025 జులైలో రాహుల్ గాంధీ టీవీల గురించి ఇదే విమర్శ చేశారు. జరుగుతున్నది కూర్పే తప్ప తయారీ కాదన్నారు. విమర్శ సరైనదే, కానీ అసంపూర్ణం. కూర్పు లేకుండా తయారీ ఏ దేశంలోనూ మొదలుకాలేదు. అడగవలసింది కూర్పు తరువాతి మెట్టు ఎప్పుడని, ప్రజాధనంతో ఇచ్చే ప్రోత్సాహకం వల్ల కొనేవాడికి ఒక్క రూపాయైనా తగ్గిందా అని.

ల్యాప్‌టాప్‌ను పంచిపెట్టడం మాత్రం మన పార్టీలన్నింటికీ తెలుసు. 2011 అక్టోబర్‌లో కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించిన ఆకాశ్ ట్యాబ్లెట్ ఎక్కడికి ఎగిరిపోయిందో అడిగేవారు లేరు. 2013లో అఖిలేశ్ యాదవ్ పంచిన ల్యాప్‌టాప్‌ల తెర మీద తండ్రీకొడుకుల చిత్రాలు వెలిగాయి. తమిళనాడు 2011 నుంచే ఆ దారిలో నడిచింది. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. ఇచ్చే చేయి కనిపించాలన్నదే ఈ పథకాలన్నింటి ఉమ్మడి లక్షణం. పన్ను తగ్గింపు మీద బొమ్మ వేసుకునే వీలుండదు. అందుకే ఆ దారి ఎవరికీ రుచించదు.

చేయదగినవి పెద్ద ఖర్చులేని పనులే. గుర్తింపు పొందిన విద్యాసంస్థలో చదివే విద్యార్థికి చదువు కాలంలో ఒక కంప్యూటర్ మీద జీఎస్టీ తిరిగి ఇవ్వవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ, గ్రాఫిక్స్ చిప్ వాట్లను, మెమరీని పెట్టె మీద, ప్రకటనలో ముద్రించాలని ఆదేశించవచ్చు. 2022 డిసెంబర్‌లో ప్రారంభమైన మరమ్మతు హక్కు పోర్టల్‌ను వెబ్‌సైట్ దశ దాటించి చట్టంగా మార్చవచ్చు. నెహ్రూ ప్లేస్ మరమ్మతు బల్లల మీద బతికించగలిగిన యంత్రం, విడిభాగం దొరక్క సీలంపూర్ చెత్తకుప్పకు చేరడం ఏ ఆత్మనిర్భరతకూ శోభ కాదు. రూ. 10,372 కోట్ల ఇండియా ఏఐ మిషన్ కింద సమకూర్చిన ఉమ్మడి జీపీయూలు మామూలు కళాశాల విద్యార్థికి సులభంగా అందితే, చాలామందికి ఆ రెండు లక్షల కొనుగోలే అవసరం ఉండదు.

అప్పటివరకు కొనేవారికి మిగిలేది స్వయంగా లెక్క వేసుకోవడమే: చిప్ పేరు కాదు, వాట్లు చూడాలి, కోర్లు కాదు, మెమరీ చూడాలి, తగ్గింపు ధర కాదు, వారంటీ చూడాలి. యువశక్తి, డిజిటల్ భారత్ అంటూ ఎన్నికల వేదికల మీద మోగే నినాదాలకు కొలమానం కూడా ఆ దుకాణం బిల్లులోనే ఉంది. పేరు, ధర కింద 18 శాతం అని ముద్రించిన గడి దగ్గర ఆగి, ఆ డబ్బు ఎవరికి తిరిగి వస్తోంది, ఎవరికి రావడం లేదని ఓటరు అడిగిన రోజు ల్యాప్‌టాప్ కూడా ఉల్లిపాయంత రాజకీయ వస్తువు అవుతుంది.