పది సంతకములు కరవైనవా?

1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య నేర్పుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నించుట ప్రతి రాష్ట్రమునకును విధి యని అందు గలదు. అంతకుముందే, 1949 ఆగస్టులో, విద్యామంత్రులు సమావేశమై లెక్క కూడ తేల్చిరి: బడి మొత్తమున 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని కోరినచో ఆ భాషోపాధ్యాయుని నియమింపవలెను.

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తరగతికి పదిమంది తెలుగు బిడ్డలు దొరకరా? బాగేపల్లి పల్లెలలో జోలపాట తెలుగు, పంచాయితీ తెలుగు. కైవారము తాతయ్యగారి తెలుగు తత్త్వములను భజనలో పాడు తల్లికి పుట్టిన బిడ్డ ఆ నుడిలో ఒక్క అక్షరము చదువలేడు. బడి గడప దాటగనే వాని యింటిమాట కొరగానిదగును. లెక్క రాక కాదు, లెక్క అడిగిన మాట తెలియక వాడు ఊరకుండును. ఊరకున్నవానికి మందబుద్ధి యని పేరు.

కన్నడముపై మాకు ద్వేషము లేదు. అర్జీ వ్రాయవలెనన్నను, ఉద్యోగము పొందవలెనన్నను అది కావలెను. మా బిడ్డలు దానిని చక్కగా నేర్వవలెను. ఇంటి నుడిలో చదువు పట్టుబడినవానికి అదియు సులువగును.

"ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్యగారిదియు తెలుగు ఇల్లే గదా, ఆయనకేమి లోటు జరిగినది?" అని కొందరు పెద్దలు మమ్ము దబాయించుచున్నారు. ఆయన తండ్రి సంస్కృత పండితుడు. పట్టుగూళ్లు ఏరు కూలివాని గుడిసెలో ఏ పండితుడున్నాడు?

అసలు మా కోపము సర్కారుపై సగమే. తక్కిన సగము మనలో కలిగినవారిపై. మండీలో బేరము తెలుగున, తూకము తెలుగున, తిట్టు మిక్కిలి ధారాళముగ తెలుగున! బిడ్డలు మాత్రము ఇంగ్లీషు కాన్వెంటులో, సాయంత్రము ట్యూషనులో. తమ బిడ్డకు అక్కరలేదు గనుక ఎవరి బిడ్డకును అక్కరలేదని వారి తలంపు. అడిగినవారు లేరు గనుక ఉపాధ్యాయుడేల యని అధికారులు. ఉపాధ్యాయుడు లేడు గనుక అడుగుటయేల యని మనవారు. ఈ గానుగ చుట్టు తిరుగుచున్నది పేదవాని బిడ్డ.

ఈ వేసవిలో, బడులు తెరచుటకు ముందే, మా సభ్యులు ఇల్లిల్లు తిరుగుదురు. అర్జీ కాగితము మేమే తెత్తుము. సంతకము రానివారు వేలిముద్ర వేసిన చాలును.