మీట నొక్కిన తరువాత వచ్చేదెవరు? వృద్ధుల అత్యవసర వైద్యంపై రాజపాళయం చెబుతున్న లెక్క

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉన్న పట్టణం రాజపాళయం. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణాదికి తరలివెళ్ళిన క్షత్రియ రాజుల కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. శతాబ్దాలు గడచినా ఆ ఇళ్ళలో తెలుగు వినబడుతూనే ఉన్నది. చుట్టుపట్ల పల్లెల్లో నాయుళ్ళ, రెడ్ల కుటుంబాలు, తెలుగు మాట్లాడే అరుంధతీయుల వాడలు కూడా ఉన్నాయి. నూలు మిల్లులు, సిమెంటు పరిశ్రమ, పక్కనున్న చత్రపట్టిలో ఆసుపత్రులకు పంపే కట్టుగుడ్డ నేత ఈ ప్రాంతానికి జీవనాధారం. ఎక్కడెక్కడి గాయాలకో కట్టు కట్టే గుడ్డ ఇక్కడి మగ్గాలపై తయారవుతున్నది. ఆ గుడ్డ నేసి ముసలితనానికి చేరిన మనిషి ఒంటరిగా ఉన్న ఇంట్లో జారిపడితే ఎంతసేపటికి ఎవరు చూస్తారన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై ఏళ్ళు దాటినవారు 8.6 శాతం కాగా తమిళనాడులో 10.4 శాతం. పిల్లలు చెన్నైలోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో స్థిరపడగా పెద్ద ఇంట్లో ఇద్దరు, కొంతకాలానికి ఒక్కరు మిగలడం రాజపాళయానికి కొత్త కాదు. దూరాన ఉన్న పిల్లలు తమ దిగులు తీర్చుకోవడానికి ఇటీవల ఒక మార్గం కనుగొన్నారు. మెడలో వేసుకొనే అత్యవసర మీట, పడిపోతే తనంతట తానే కబురు పంపే చేతి గడియారం వంటి పరికరాలు కొని పంపుతున్నారు. ఇటువంటి మీటలు 1970లలో మొదలయ్యాయి. మనిషి పడిపోవడాన్ని గుర్తించే ఆపిల్ గడియారం 2018లో వచ్చింది. పరికరం మంచిదే. అయితే అది చేసేది కబురు పంపడం వరకే. ఆ కబురు ఎవరికి పోతున్నది, వారు ఎంత దూరంలో ఉన్నారు, తలుపు ఎవరు తెరుస్తారు అన్న ప్రశ్నలకు పెట్టెపై ముద్రించిన ప్రకటనలో జవాబు ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. పుదుప్పాళయంలో ఒంటరిగా ఉన్న తల్లి స్నానాలగదిలో పడిపోయింది. గడియారం బెంగళూరులోని కుమారునికి కబురు పంపింది. అతడు కంగారులో 108 నొక్కాడు. ఆ పిలుపు కర్ణాటక కేంద్రానికి పోతుంది. హైదరాబాదులోని కుమార్తె నొక్కితే తెలంగాణ కేంద్రం పలుకుతుంది. అమెరికా నుంచి ఆ మూడంకెల నంబరు అసలు కలవదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా మొదలైన 108 సేవ 2008 సెప్టెంబరు 15న తమిళనాడుకు విస్తరించింది. నంబరు ఒక్కటే గాని ఏ రాష్ట్రపు కేంద్రం ఆ రాష్ట్రానిదే. పిలిచిన మనిషి ఉన్న చోటును బట్టి పిలుపు చేరుతుంది. రోగి ఉన్న చోటుతో దానికి పని లేదు. 112 సంగతీ అంతే. కుమారుడు తేరుకొని, రాజపాళయంలో తెలిసిన వారి నంబరు వెదికి, వారు ఫోను ఎత్తి, అక్కడి నుంచి 108కి చెప్పేసరికి పావుగంట, అరగంట గడిచిపోతుంది. పరికరం సెకన్లలో పని ముగించినా మనుషుల వరుసలో ఆ వేగమంతా కరిగిపోతుంది.

ఆ పావుగంటకు శరీరంలో ఉన్న విలువ జబ్బును బట్టి మారుతుంది.

గుండె హఠాత్తుగా ఆగిపోయిన మనిషికి వెంటనే ఛాతీపై నొక్కి ఊపిరి నిలబెట్టే ప్రయత్నం జరగకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త 108 వాహనాలను ప్రారంభించినప్పుడు పట్టణాలలో 15 నిమిషాలు, గ్రామాలలో 20 నిమిషాలు, ఏజెన్సీ ప్రాంతాలలో 30 నిమిషాలు లక్ష్యంగా ప్రకటించింది. ఆ లక్ష్యం పూర్తిగా నెరవేరినా గ్రామంలో గుండె ఆగిన మనిషికి అది చాలదు. ఇరవై నిమిషాలలో వాహనం రావడం సామాన్యమైన విషయం కాదు; కానీ ఆ లోపల పక్కింటివారి చేతులు ఆ పని చేస్తూ ఉండాలి.

పక్షవాతం లెక్క వేరు. మెదడులో రక్తనాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అమెరికన్ వైద్యుడు లెక్కగట్టాడు. గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. అంతకు ముందు స్కాను తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చాలి. రాజపాళయం నుంచి మదురైకి సుమారు 85 కిలోమీటర్లు. జిల్లా కేంద్రమైన విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది గాని, అదీ యాభై కిలోమీటర్లకు పైబడిన దూరమే. ప్రయాణానికి, స్కానుకు పోను ఇంట్లో వృథా చేయగలిగిన సమయం గంటకు మించదు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉన్నది. నాలుగున్నర గంటలు లెక్కించేది రోగిని చూసిన క్షణం నుంచి కాదు. ఆ మనిషి చివరిసారి బాగా ఉన్నట్లు తెలిసిన సమయం నుంచి. రాత్రి తొమ్మిదింటికి ఫోనులో చక్కగా మాట్లాడిన తండ్రిని ఉదయం ఏడింటికి పాలు పోసే మనిషి మూతి వంకరపోయి ఉండగా చూస్తే, వైద్యుని లెక్కలో అప్పటికే పది గంటలు గడిచినట్లే. పెద్ద ఆసుపత్రులలో మరికొన్ని పరీక్షలు చేసి కొందరికి చికిత్స చేయగలరు; చాలామందికి ఆ దారి దొరకదు. అదే మనిషిని తెల్లవారుజామున ఐదున్నరకు ఎదురింటి ఆమె వాకిట్లో ముగ్గు వేస్తూ పలకరించి ఉంటే, ఆ పలకరింపే వైద్యానికి ఆధారమవుతుంది. ఒంటరి వృద్ధునికి రోజుకు రెండుసార్లు ఎవరో ఒకరు కనబడడం మర్యాద మాత్రమే అనుకొనేవారు ఈ లెక్కను గమనించాలి. మూతి వంకర, చేయి వాలిపోవడం, మాట తడబడడం, ఈ మూడింటిలో ఏది కనబడినా గడియారం చూసి సమయం రాసుకొని వెంటనే 108కి చెప్పాలి. నోట్లో నీళ్ళు గాని, మాత్ర గాని వేయరాదు.

జారిపడడం మరొక రకం. తుంటి ఎముక విరిగితే ప్రాణం వెంటనే పోదు కాబట్టి దానిని తేలికగా తీసుకొంటారు. ముప్పు పడడంలో కన్నా పడి ఉండడంలో ఎక్కువ. గంటల తరబడి గచ్చుపై కదలక పడి ఉంటే కండరాలు చితికి, వాటి విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఒంట్లో నీరు తగ్గుతుంది. చర్మం ఒరిసి పుండవుతుంది. ఊపిరితిత్తులలో నెమ్ము చేరుతుంది. పడిపోయి గంటకు పైగా నేలపైనే ఉండిపోయిన వృద్ధులలో సగం మంది ఆరు నెలలలోపు మరణించారని 1981లో బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలన తెలిపింది. వారిలో పెద్ద దెబ్బలు తగలనివారు కూడా ఉన్నారు.

అదే పత్రికలో 2008లో కేంబ్రిడ్జి ప్రాంతపు తొంభై ఏళ్ళు దాటినవారిపై వచ్చిన అధ్యయనం ఈ విషయంలో మరింత ముఖ్యం. చాలామందికి పిలుపు మీట అందుబాటులో ఉన్నది. అయినా పడిపోయి చాలాసేపు లేవలేకపోయినవారిలో అత్యధికులు దానిని నొక్కలేదు. కొందరు నొక్కలేని స్థితిలో ఉన్నారు. కొందరు ఎవరినీ ఇబ్బంది పెట్టరాదనుకొన్నారు. తెలుగు ఇళ్ళలో ఈ రెండో కారణాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. "ఏమీ లేదులే నాయనా, కాస్త తల తిరిగింది, నువ్వు పని చూసుకో" అనే తల్లి, రాత్రి షిఫ్టుకు వెళ్ళిన కొడుకును పిలిపించడం తప్పని భావించే తండ్రి ప్రతి వీధిలో ఉన్నారు. మీట స్నానాలగది బయట కొక్కేనికి వేలాడుతూ ఉంటే అది మెడలో ఉన్నా లేనట్లే. పడిపోతే తానే కబురు పంపే పరికరం ఈ లోపాన్ని కొంత తీరుస్తుంది, ఛార్జింగు పెట్టడం మరవకపోతే. కరెంటు పోయిన రాత్రి, సిగ్నలు అందని వెనుక గదిలో అది ఎలా పనిచేస్తుందో కొనేముందు ఇంట్లోనే చూసుకోవాలి.

రాజపాళయం రాష్ట్ర సరిహద్దుకు లోపల ఉన్నది కాబట్టి అక్కడి నుంచి చేసిన పిలుపు తమిళనాడు కేంద్రానికే చేరుతుంది. నగరి, పళ్ళిపట్టు, కుప్పం వైపు పల్లెల్లో ఆ భరోసా కూడా తక్కువ. సెల్ ఫోను అవతలి రాష్ట్రపు టవరును పట్టుకొంటే పిలుపు అవతలికే పోతుంది. తమిళం రాని అవ్వకు తమిళ గొంతు, తెలుగు రాని తాతకు తెలుగు గొంతు వినబడితే, విషయం అర్థమయ్యేలోపలే ఫోను పెట్టేస్తారు. ఒకే పేరుగల పల్లెలు ఇటూ అటూ ఉండడం మరొక చిక్కు. సరిహద్దు గ్రామాలవారు పిలుపులో మొదటి మాటగా రాష్ట్రం పేరు, తరువాత జిల్లా, మండలం లేదా తాలూకా, ఆపైన ఊరు, గుడో బడో ఒక గుర్తు చెప్పడం అలవాటు చేసుకోవాలి. తప్పు కేంద్రానికి చేరిన పిలుపు సరైన కేంద్రానికి ఎన్ని నిమిషాలలో మారుతున్నదో ఉభయ రాష్ట్రాలూ ప్రజలకు లెక్క చెప్పవలసి ఉన్నది. వాహనాల సంఖ్యను ప్రకటించడంలో ఉన్న ఉత్సాహం ఈ లెక్కలో కనబడడం లేదు.

తమిళనాడులో ఉపయోగపడే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ప్రారంభమైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం కింద మహిళా కార్యకర్తలు బి.పి., షుగరు రోగుల ఇళ్ళకే మందులు తెచ్చి ఇస్తున్నారు. అది అత్యవసర సేవ కాదు. కానీ ఏ ఇంట్లో ఏ రోగి ఉన్నాడో ఆ కార్యకర్తకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. 2023లో మొదలైన 'ఇదయం కాప్పోం' పథకం ప్రకారం గుండెపోటు లక్షణాలతో వచ్చినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, ఉపకేంద్రాలలో తొలి మోతాదు మందులు ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ఛాతీ నొప్పి వచ్చిన పెద్దవారిని నేరుగా మదురైకి తీసుకుపోదామని కారు కోసం ఎదురుచూసే కుటుంబాలు, దగ్గరలోని ఆ ఉపకేంద్రాన్ని దాటిపోవడం వలన విలువైన సమయాన్ని పోగొట్టుకొంటున్నాయి. 2021లో దేశమంతటికీ వర్తించిన వృద్ధుల సహాయ నంబరు 14567ను కొందరు ఆంబులెన్సు నంబరుగా పొరబడుతున్నారు. పింఛను, ఆశ్రయం, వేధింపుల వంటి విషయాలకు అది పనికివస్తుంది; ప్రాణాపాయంలో 108 లేదా 112 మాత్రమే.

ఖరీదైన గడియారం కొనలేని ఇళ్ళకు మరో విషయం. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 2017 తరువాత అమ్మే ఫోన్లలో అత్యవసర మీట ఉండాలి. బొత్తాల ఫోనులో 5 లేదా 9 అంకెను కాసేపు నొక్కి పట్టుకోవడం ద్వారా, స్మార్ట్ ఫోనులో పవర్ బొత్తాన్ని మూడుసార్లు నొక్కడం ద్వారా అది పనిచేయాలి. ఇంట్లో ఉన్న ఫోనులో ఆ సౌకర్యం ఉన్నదో లేదో దుకాణంలో అడిగి తెలుసుకోవచ్చు.

పరికరం ఏదైనా అందులో మొదటి నంబరు కుమారునిది పెట్టడమే అసలు పొరపాటు. మొదటి నంబరు అదే వీధిలో, పగలూ రాత్రీ ఫోను ఎత్తగలిగిన మనిషిది కావాలి. మిల్లులో మూడు షిఫ్టులు నడిచే ఊరిలో ఒక్క నంబరు చాలదు. ఇద్దరో ముగ్గురో ఉండాలి. వారిలో ఒకరి వద్ద వాకిలి తాళంచెవి ఉండాలి. స్నానాలగదికి లోపలి గొళ్ళెం బదులు బయటినుంచి కూడా తీయగలిగినది బిగించాలి. వచ్చినవారు తలుపు పగలగొట్టడానికి ఇనుప కడ్డీ వెదకవలసి వస్తే అప్పటివరకూ ఆదా అయిన నిమిషాలన్నీ అక్కడే ఖర్చవుతాయి. వేసుకొనే మందుల చీటీ, పాత స్కాను కాగితాలు, ఆరోగ్య బీమా కార్డు ఒకే సంచిలో వాకిలి పక్కన వేలాడాలి. వచ్చినవారు తుంటి నొప్పితో పడి ఉన్న మనిషిని చేయి పట్టి లాగి లేపరాదని, దుప్పటి కప్పి వాహనం కోసం ఆగాలని వారికి ముందే చెప్పి ఉంచాలి.

రాజపాళయంలో ఉత్సవాలు, వీధి వ్యవహారాలు చూసుకొనే చావడులు ఇప్పటికీ ఉన్నాయి. పండుగ చందాలు రాసే పుస్తకంలోనే ఒంటరి వృద్ధుల ఇళ్ళ జాబితా, తాళంచెవి ఎవరి వద్ద ఉన్నది, రాత్రిపూట ఎవరిని పిలవాలి అన్న వివరాలు రాయడానికి ప్రభుత్వ ఉత్తర్వు అవసరం లేదు. ఛాతీపై నొక్కే పద్ధతి నేర్చుకోవడానికి వీధిలోని పదిమంది యువకులకు ఒక్క పూట చాలు. చావడులు లేని సరిహద్దు పల్లెల్లో స్వయం సహాయక సంఘపు అక్కలు ఈ జాబితా రాయగలరు. నెలనెలా సమావేశం పుస్తకం వారి చేతిలో ఎలాగూ ఉన్నది.