దండారికి నాలుగు రోజులు సెలవు అడుగుదాం

 

దసరా సెలవులు అయిపోయి మనం మందమర్రిలో హాస్టళ్లకు, రూములకు తిరిగొచ్చేసరికి అక్కడ ఊళ్లల్ల దండారి మొదలైతది. దీపావళికి ఇచ్చే ఒక్కరోజు సెలవుకు ఇంటికి పోతే అది ఆఖరి దశల ఉంటది. గోండు, కోలాం పిల్లలమై ఉండి గుస్సాడీని ఫోన్ల చూసి స్టేటస్ పెట్టుకుంటున్నాం.

దండారి అంటే ఆట ఒక్కటే కాదు. ముందు చేతిపని. రాలిన నెమలి ఈకలు ఏరి దాచాలె, వరుస తప్పకుండా టోపీకి కట్టాలె. గుమేలకు తోలు బిగించాలె, గజ్జెలు కుచ్చాలె. పెద్దమనిషి పక్కన కూర్చుంటేనే ఆ పని చేతికి వస్తది. తర్వాత ఊరి నుంచి ఊరికి నడక. డప్పు మోసుకుంటూ, పరాచికాలాడుకుంటూ, అలిసిన చోట చెట్టు కింద ఆగి ఊడిన ఈకను మళ్లీ కట్టుకుంటూ. చేరిన ఊళ్లో జొన్నగట్క పెట్టినా విందే! ఇప్పుడు ఆటోలల్ల పోయేటోళ్లూ ఉన్నరు గానీ, ఆ మజా వేరు.

మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వస్తే అందరం పోస్టులు పెట్టినం. 2024 అక్టోబరులో, దండారి రోజుల్లోనే, ఆయన పోయారు. అప్పుడూ పోస్టులే పెట్టినం. టోపీ కట్టడం నేర్చుకున్నోళ్లం మనలో ఎందరం?

చదువు పాడైతదని కొందరు అంటున్నరు. దసరా సెలవుల్లో మూడు రోజులు తగ్గించి దీపావళికి కలపమనే మనం అడిగేది. వినతిపత్రం రాస్తున్నాం. సంతకం పెట్టేటోళ్లు మీ ఊరి పేరు, మీ దండారి బయలుదేరే రోజు కింద రాయండి.