కల్చర్ రిపోర్టులో ‘నో గ్రోత్’.. చీము మాత్రం తగ్గదు! గాలి తగిలితే చచ్చే బ్యాక్టీరియాతో ల్యాబ్‌లకు తిప్పలు

కడుపులో చీముగడ్డ. ఆపరేషన్ చేసి తీసిన చీము భరించలేనంత కంపు. రెండు మూడు రోజులకు కల్చర్ రిపోర్టు వస్తుంది. అందులో ‘నో గ్రోత్’! అంటే బ్యాక్టీరియా లేనట్టేనా? అలా అనుకోవడానికి లేదు. అది ల్యాబ్‌కు చేరేలోపే చచ్చిపోయి ఉండొచ్చు.

వీటిని అనెరోబిక్ బ్యాక్టీరియా అంటారు. ఆక్సిజన్ వీటికి విషం. మన పేగుల్లో, చిగుళ్ల సందుల్లో ఎప్పుడూ ఉండేవే. అపెండిక్స్ పగిలినా, పేగుకు చిల్లు పడినా అసలు గొడవ మొదలవుతుంది.

శాంపిల్ దూది పుల్లతో తీస్తే గాలి తగులుతుంది. సిరంజితో లాగి, గాలి చొరకుండా వెంటనే పంపాలి. పెంచడానికి ఆక్సిజన్ లేని జార్ కావాలి. పెరగడానికే దాదాపు 48 గంటలు. ఏ మందుకు లొంగుతుందో చూసే టెస్ట్ ఆ తర్వాతే. అమెరికాలోని సీఎల్‌ఎస్‌ఐ ప్రమాణంగా చెప్పే అగార్ డైల్యూషన్‌లో ఒక్కో మందుకు, ఒక్కో మోతాదుకు విడిగా ప్లేట్లు పోయాలి. ఒకరిద్దరు పేషెంట్ల కోసం రోజువారీ ల్యాబ్‌లో ఇది అయ్యే పని కాదు.

అందుకే అంచనా వైద్యం. జెంటామైసిన్, అమికాసిన్ లాంటివి ఇక్కడ పనిచేయవు.. అవి బ్యాక్టీరియా లోపలికి వెళ్లాలంటే ఆక్సిజన్ ఉండాలి. దాంతో మెట్రోనిడజోల్ రాసేస్తారు. లూజ్ మోషన్స్ అనగానే చాలామంది చీటీ లేకుండానే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందూ ఇదే. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ దీన్ని తట్టుకునే ‘నిమ్’ జన్యువులున్న బ్యాక్టీరియా ఇప్పటికే ఉంది. టెస్టే చేయకపోతే అది ఎవరి ఒంట్లో ఉందో ఎలా తెలుస్తుంది?

యూరప్ సంస్థ యూకాస్ట్ 2022లో కాస్త తేలిక దారి చూపింది. మందు బిళ్లలు పెట్టే డిస్క్ పద్ధతి, 16 నుంచి 20 గంటల్లో ఫలితం. అయితే కొన్ని రకాల బ్యాక్టీరియాకే. పైగా ఓ మెలిక ఉంది. జార్‌లో ఆక్సిజన్ మిగిలిపోతే మెట్రోనిడజోల్ పనిచేయదు. అప్పుడు మంచి మందును కూడా ‘రెసిస్టెంట్’ అని రిపోర్టు తప్పుగా చూపిస్తుంది.

అందరికీ ఈ టెస్ట్ అక్కర్లేదు. మెదడులో చీముగడ్డ, ఎముక, కీళ్ల ఇన్‌ఫెక్షన్, గుండె కవాటాలకు సోకినప్పుడు, మందు వాడినా జ్వరం తిరగబెడుతున్నప్పుడు మాత్రం అనెరోబిక్ కల్చర్ పంపారా లేదా అని డాక్టర్‌ను అడగాలి. మామూలు కల్చర్‌లో ఇది కలిసి రాదు, విడిగా రాయించుకోవాలి.