ఎందుకు ఆగాడో కూడా రాయాలి

రిటైర్ అవడమంటే మనకు తెలిసినది ఉద్యోగ విరమణ. మోటారు పందేలలో ఆ మాటకు వేరే అర్థం ఉంది. కారు చెడిపోవడం వల్ల గాని, ప్రమాదం వల్ల గాని పందెం మధ్యలోనే ఆగిపోయిన డ్రైవరును అక్కడ ‘రిటైర్డ్’ అంటారు. అయితే ఫలితాల పట్టిక నుంచి అతని పేరును తొలగించరు. అడుగున ఆ పేరు ఉంచి, ఎన్ని చుట్లు తిరిగాడో, ఏ కారణం వల్ల ఆగాడో పక్కనే రాస్తారు. ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, హైడ్రాలిక్స్, ఢీకొనడం... ఇలా ఏదో ఒక మాట అక్కడ ఉంటుంది. ఆ ఒక్క మాట విలువ గురించి ఈ నెల ముచ్చటించదలిచాము.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ పందెం జరిగింది. ఈ క్రీడ మన రాష్ట్రపు వీధులలోకే వచ్చిన సందర్భమది. ఇటువంటి పందేలను చూసే పిల్లలు గెలిచినవారి పేర్లు ఇట్టే చెప్పగలరు. ఆగిపోయినవారి కథలు కూడా వారికి చెప్పడం మంచిది.

2016 అక్టోబరు 2న మలేసియాలోని సెపాంగ్‌లో జరిగిన ఫార్ములా వన్ పందెం 56 చుట్లది. బ్రిటన్‌కు చెందిన లూయిస్ హామిల్టన్ అందరికంటే ముందున్నాడు. 41వ చుట్టులో అతని మెర్సిడెస్ కారు వెనుక నుంచి మంటలు, పొగ లేచాయి. అతను కారును పక్కకు తీసి ఆపి దిగిపోయాడు. గెలిచి ఉంటే 25 పాయింట్లు వచ్చేవి, ఒక్కటీ రాలేదు. ఆ ఏడాది చివర అతని జట్టు సహచరుడు నికో రోస్‌బర్గ్ 385 పాయింట్లతో ప్రపంచ విజేత అయ్యాడు. హామిల్టన్‌కు వచ్చినవి 380. ఆ సంవత్సరం రోస్‌బర్గ్ 9 పందేలు గెలిస్తే, హామిల్టన్ 10 గెలిచాడు.

తరువాత ఇంజను విప్పి చూశారు. ఆయిల్ ప్రెషర్ పడిపోయి, బిగ్ ఎండ్ బేరింగ్ దెబ్బతిన్నదని తేలింది. ఈ మాట మన ఆత్మకూరు మెకానిక్ సోదరులకు వివరించి చెప్పనక్కరలేదు. నాట్ల కాలంలో మడిలో ఆగిన ట్రాక్టరు ఇంజను విప్పి, పట్టేసిన బేరింగును చేతిలోకి తీసుకుని, ఆయిల్ ఎక్కడ అందలేదో వారు చెప్పగలరు. కోట్ల ఖరీదు చేసే కారైనా, అప్పు చేసి కొన్న ట్రాక్టరైనా నూనె అందని ఇంజను ఒకే తీరుగా ఆగుతుంది.

కారు దిగిన హామిల్టన్ మొదట బాధతో మాట్లాడాడు. మెర్సిడెస్ ఇంజనుతో నడిచే డ్రైవర్లు ఎనిమిది మంది ఉండగా, తన ఇంజన్లే ఎందుకు చెడిపోతున్నాయని ప్రశ్నించాడు. కోపం చల్లారిన తరువాత తన జట్టు మీద నమ్మకం ఉన్నదని చెప్పాడు. నష్టం జరిగిన గడియలో మనిషి నోట అనుమానం ముందు వస్తుంది. కారణం తెలియడానికి ఇంజను విప్పేంత వ్యవధి కావాలి.

మన దేశం నుంచి ఫార్ములా వన్‌కు వెళ్లిన మొదటి డ్రైవరు నారాయణ్ కార్తికేయన్. 2012 నవంబరు 4న అబుదాబి పందెంలో అతని కారు హైడ్రాలిక్స్ దెబ్బతిని, స్టీరింగు మొరాయించింది. అతను వేగం తగ్గించక తప్పలేదు. వెనుకనే దూసుకొస్తున్న రోస్‌బర్గ్ కారు అతని కారును ఢీకొని, పైకి ఎగిరి అవతల పడింది. ఇద్దరికీ గాయాలు కాలేదు. వెనుకవానికి కనిపించినది హఠాత్తుగా నెమ్మదించిన కారు మాత్రమే. స్టీరింగు ఎంత బరువెక్కిందో ముందువాని చేతులకే తెలుసు.

మన కుటుంబాలలోనూ మధ్యలో ఆగినవారు ఉంటారు. గల్ఫ్ వెళ్లిన కొడుకు ఆరు నెలలకే తిరిగివస్తాడు. చదువుకునే కూతురు డిగ్రీ రెండవ ఏట మానేస్తుంది. తమ్ముడు పెట్టిన దుకాణం మూతపడుతుంది. దావత్‌లో నలుగురు కూర్చున్న చోట వారి పేర్ల పక్కన మనం ఒకే మాట రాస్తాము: ‘నిలదొక్కుకోలేదు’. ఏజెంటు చెప్పిన పని అక్కడ లేదేమో, ఇంట్లో తల్లి మంచాన పడిందేమో, ఇచ్చిన అరువు తిరిగి రాలేదేమో ఎవరూ అడగరు. పందెపు పట్టిక అపరిచితునికి చేసే పాటి న్యాయం మనం మన పిల్లలకు చేయడం లేదు.

కారణం రాయడమంటే తప్పును కప్పిపుచ్చడం కాదు. డ్రైవరే పొరపాటున గోడకు గుద్దుకుంటే పట్టికలో అదే రాస్తారు. కుర్రవాడు అశ్రద్ధ చేసి ఉంటే ఆ మాటా ఇంట్లో చెప్పుకోవలసిందే. ఇంజను పాడైనప్పుడు డ్రైవరును, డ్రైవరు తప్పినప్పుడు ఇంజనును నిందిస్తే ఏదీ బాగుపడదు. అసలు లోపం తెలిస్తేనే తరువాతి పందెానికి కారు సిద్ధమవుతుంది. సెపాంగ్‌లో ఆగిన హామిల్టన్ మరుసటి సంవత్సరమే ప్రపంచ విజేత అయ్యాడు.

అందుచేత తల్లిదండ్రులకు, ఇంటి పెద్దలకు మా విన్నపం ఒక్కటే. మీ ఇంట ఎవరైనా మధ్యలో ఆగి తిరిగివస్తే, ముందు అన్నం పెట్టండి. ఎంత దూరం వెళ్లాడో అడగండి. ఆ తరువాత ఎందుకు ఆగవలసి వచ్చిందో అడిగి, చెప్పేది పూర్తిగా వినండి. చుట్టాలు అడిగినప్పుడు ఆ కారణాన్నే చెప్పండి.