ఏ పుస్తకం చదవమంటారు?

సిఫారసు అనే మాటకు మన దేశంలో అంత మంచి పేరు లేదు. ఉద్యోగానికో, కాలేజీలో సీటుకో, ఆసుపత్రిలో మంచానికో పెద్దమనుషుల చేత చెప్పించుకోవడమే సిఫారసని లోకం అర్థం చేసికొన్నది. కాని ఏ ప్రయోజనాన్నీ ఆశించకుండా ఒక మనిషి మరొక మనిషికి చేసే సిఫారసు కూడా ఒకటి ఉన్నది. "ఈ పుస్తకం చదువు నాయనా, నీకు పనికివస్తుంది" అనడం. ఇందులో చెప్పేవానికి లాభం లేదు, వినేవానికి బలవంతం లేదు. అచ్చయిన పుస్తకం పదిమంది చేతులలో పడడానికి ప్రకటనలకంటె, పీఠికలకంటె ఈ మాటసాయమే ఎక్కువ తోడ్పడుతూ వచ్చింది.

శ్రీకాకుళంలో గాని, విజయనగరంలో గాని పుస్తకాల రుచి మరిగినవారిని ఆశ్రయించి, ఏ పుస్తకం చదవమంటారని అడిగిన కుర్రవానికి వచ్చే సమాధానం దాదాపు ఒక్కటే. 'కన్యాశుల్కం'తో మొదలుపెట్టమంటారు. ఆ తరువాత చాసో కథలు, రావిశాస్త్రి కథలు, కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం'. కొంచెం ఉత్సాహవంతులైతే శ్రీరంగం నారాయణబాబు పేరు కూడా చెబుతారు. ఈ జాబితాను తప్పుపట్టవలసిన పని లేదు. 1892లో విజయనగరంలో రంగమెక్కి, 1897లో అచ్చయి, 1909లో ఇంచుమించు కొత్త అవతారమెత్తిన ఆ నాటకాన్ని చదవవద్దని చెప్పగల సాహసి ఈ గడ్డమీద పుట్టలేదు. చాసో, రావిశాస్త్రి ఇద్దరూ శ్రీకాకుళంలో జన్మించినవారే. తమ ఊరివారిని తామే చెప్పుకోకపోతే ఎవరు చెప్పుకొంటారు?

చిక్కు మరొకచోట ఉన్నది. అడిగినవాడెవడు, అతనికేమి కావాలి అన్న విచారణ ఈ సమాధానంలో కనిపించదు. పుస్తకమంటే కథ, నవల, కవిత్వం, నాటకం అని, తక్కినవన్నీ పరీక్షలకు చదివేవనీ ఒక అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. కవిత్వం కోరినవానికి దారి చూపేవారు వీధికొకరున్నారు. నేలను గురించి, నీటిని గురించి, రోగాన్ని గురించి, సముద్రాన్ని గురించి, రాళ్ళమీది రాతలను గురించి, రాగాలను గురించి తెలిసికోదలచినవానికి దారి చూపేవారేరి?

ఉద్దానంలో ఒక కొబ్బరి రైతును తలచుకొందాం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో అక్కడి కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టం చేసింది. పెట్టిన మొక్క కాపుకు వచ్చేదాకా ఏళ్ళు పడుతుంది. ఆ నడిమి కాలంలో ఏ పంట వేయాలి, ఏ రకం మొక్క గాలికి తట్టుకొంటుంది, కొమ్ముపురుగును ఎట్లా అదుపు చేయాలి అన్నవి ఆ రైతుకు జీవన్మరణ సమస్యలు. అదే ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాలలో, మూత్రపిండాల వ్యాధి ఊళ్ళకు ఊళ్ళను కుంగదీస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమైనవి. వ్యాధికి ఇదమిత్థమైన కారణం మాత్రం ఇంకా తేలలేదు. ఇంట్లో మనిషి మంచాన పడితే, చదువుకొన్న కొడుకు ఆ వ్యాధి స్వభావమేమిటో, ఏమి తినాలో, ఏమి తినకూడదో తెలిపే తెలుగు పుస్తకం కావాలని అడుగుతాడు. అతని చేతిలో కథల సంపుటం పెట్టి పంపడం సాహిత్యాభిమానం అనిపించుకొంటుందేమో గాని సమాధానం అనిపించుకోదు.

వెనుకటివారు ఇట్లా ఉండలేదు. విజయనగరం మహారాజు ఆనందగజపతి ద్రవ్యసహాయంతోనే మాక్స్ మ్యూలర్ ఋగ్వేద సాయణభాష్యం రెండవ ముద్రణ 1890–92 నడుమ వెలువడింది. ఆ సంపుటాలను విజయనగరంలో ఎందరు విప్పి చూశారన్నది వేరే మాట. రాజుల సంగతి అట్లా ఉంచి బడిపంతుళ్ళ సంగతి చూద్దాం. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆయన పనికి వాడుకభాషా వాదమనే ఒక్క పేరుపెట్టి మనం తృప్తి పడుతున్నాం. పంతులుగారు ముఖలింగం గుడిలోని శాసనాలను స్వయంకృషితో చదువుకొన్నారు. సవరల భాషను ఆ సవరలవద్దనే నేర్చుకొన్నారు. ఆ భాషకు వ్యాకరణం కూర్చగా 1931లో ప్రభుత్వం ప్రకటించింది. నిఘంటువు 1938లో వచ్చింది. ధ్వనిశాస్త్రం, చరిత్ర, బోధనాపద్ధతి, గిరిజనుల చదువు, ఇవన్నీ ఒకే మనిషి బల్లమీద పక్కపక్కనే ఉండేవి. ఆ రోజులలో ఆయన పొరుగున ఉండి ఏ పుస్తకం చదవాలని అడిగినవానికి ఎన్ని రకాల సమాధానాలు దొరికి ఉండాలి!

విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసుగారి మాట కూడా చెప్పవలసి ఉన్నది. 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు ఆయన ప్రథమాధ్యక్షులు. హరికథకుడనగానే చిడతలు, గజ్జెలు కళ్ళకు కడతాయి. ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ పెట్టిన బహుభాషావేత్త ఆ గజ్జెల వెనుక ఉన్నాడని ఎందరికి తోస్తుంది? తరువాతి కాలంలో అదే ఊళ్ళో రోణంకి అప్పలస్వామిగారు మహారాజా కళాశాలలో ఇంగ్లీషు బోధించారు. పాఠం గదిలో ఆయన చెప్పినది ఒక ఎత్తు. గది బయట చాసో, నారాయణబాబు వంటి మిత్రులకు యూరపు సాహిత్యపు తలుపులు తెరవడం మరొక ఎత్తు. విద్యార్థులు రాసుకొన్న నోట్సు పరీక్షలతోనే చిత్తుకాగితం అయిపోతుంది. మిత్రులతో చేసిన పుస్తక ప్రసంగం మాత్రం తెలుగు కథలోనూ, తెలుగు కవితలోనూ తేలింది. రోణంకివారికి తన స్నేహితుల మనస్తత్వం తెలుసు. ఎవరికేది పడుతుందో తెలుసు. పత్రికలలో వచ్చే 'తప్పక చదవవలసిన నూరు పుస్తకాలు' వంటి పట్టికలకు ఈ తెలివి ఉండదు. పట్టిక తయారుచేసిన పెద్దలకు పాఠకుడి ముఖం కనిపించదు గనుక అందరికీ ఒకే మందు రాస్తారు. పైగా తమ అభిరుచి ఎంత ఉన్నతమో లోకానికి తెలియజేయాలన్న ఆరాటం వారిలో కొంత ఉంటుంది. పుస్తకం పేరు చెప్పడం ఒక ఆభరణం పెట్టుకోవడమైపోయింది.

పేరు చెప్పడం సులభం. చెప్పిన పుస్తకాన్ని చేతికి అందించడం కష్టం. ఈ కష్టాన్ని నెత్తిన వేసికొన్న మనిషి ఈ జిల్లాలోనే పుట్టినాడు. మురపాకలో 1924లో జన్మించి, విశాఖపట్నంలో ఏళ్ళతరబడి బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావుగారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. అంతకు ముందు 1995 సంవత్సరానికి సాహిత్య అకాడమీ బహుమతి ఆయనకు వచ్చింది. బహుమతులుగా వచ్చిన డబ్బును ఇంటికి వాడుకోక కథలకు ఇల్లు కట్టించిన రచయితలు ఎక్కడో గాని ఉండరు.

కథానిలయం విషయంలో గమనించవలసినది ఆయన పెట్టుకొన్న నియమం. అంతటి కథకుడు, మంచిచెడ్డలు క్షుణ్ణంగా ఎరిగినవాడు, తన అభిరుచిని జల్లెడగా పెట్టలేదు. తెలుగులో వచ్చిన ప్రతి కథా అక్కడ ఉండాలన్నాడు. మంచిదేదో తేల్చే హక్కును రేపటి పాఠకునికి వదిలివేశాడు. ఉత్తమమైనవే ఉంచి తక్కినవి పారవేయవచ్చుగా అని అనేవారు లేకపోలేదు. నేడు ఉత్తమమని ఎంచినది ఇరవైయేళ్ళకు వెలవెలబోవడం, నేడు ఎవరూ పట్టించుకోనిది రేపు ఒక పరిశోధకునికి కన్నులపండువ కావడం వారు చూడలేదు కాబోలు. ఉత్తరాలు రాసి, ఊళ్ళు తిరిగి, అటకలమీది పాత పత్రికలను అడిగి, దొరికిన సంచికలకు దొరకని సంచికలను జతచేసి ఆయన ఈ పని సాగించాడు. తమ ఇళ్ళలోని కట్టలు తెచ్చి ఇచ్చినవారు సాధారణ పాఠకులే. 2021 జూన్ 4న రామారావుగారు కన్నుమూసిన తరువాత కూడా కథానిలయం నిలిచే ఉన్నది.

ఒక్క కథలకే ఇల్లు కట్టడం కూడా సంకుచితమే కదా అని ఎవరైనా అడగవచ్చు. ఈ ఆక్షేపణకు జవాబు ఆ పాత పత్రికలలోనే ఉన్నది. కథ కోసం 'భారతి' సంచిక తీసినవానికి కథ ఒక్కటే దొరకదు. కథకు ముందు పుటలో ఒక శాసన విచారమో, వెనుక పుటలో పదాల పుట్టుక మీద వివాదమో ఉంటుంది. 1924 నుంచి 1991 వరకు నడిచిన ఆ మాసపత్రిక పాఠకుణ్ణి కథల పాఠకుడు, చరిత్ర పాఠకుడు అని విడదీయలేదు. అంతకుముందే, 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి లింకన్ చరిత్రతో బయలుదేరి దేశచరిత్రలను, ప్రకృతిశాస్త్రాలను తెలుగువానికి తెలుగులోనే ఇవ్వడానికి పూనుకొన్నది. రసాయనశాస్త్రం తెలుగులో చెప్పవచ్చునా అని సందేహించే వారికి వారు చర్చతో జవాబివ్వలేదు, పుస్తకం అచ్చువేసి ఇచ్చారు. రామారావుగారు కథకు చేసిన సేవను నేడు వ్యవసాయానికి ఒకరు, వైద్యానికి ఒకరు, స్థానిక చరిత్రకు ఒకరు చేయవలసి ఉన్నది. ఆయా విషయాలు తెలిసినవారు జిల్లాలో లేరా? ఆముదాలవలసలో పంటలు ఎరిగినవారున్నారు, విజయనగరంలో సంగీతం ఎరిగినవారున్నారు, ఊరూరా వైద్యులున్నారు. వారు తమను 'పాఠకులు'గా భావించుకోకపోవడమే పెద్ద లోటు. సాహిత్యసభకు వారిని మనం పిలవము, వారు రారు. వచ్చినా వెనుక కుర్చీలలో కూర్చుండి వందనసమర్పణకు ముందే లేచిపోతారు.

ఇక గ్రంథాలయాల సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను జనమే చెల్లిస్తున్నారు. వసూలైన సొమ్ము స్థానికసంస్థల ఖజానాలో నిలిచిపోయి గ్రంథాలయ సంస్థకు ఆలస్యంగా చేరడం తరచు వార్తలకెక్కే విషయమే. అదీగాక, ఏ పుస్తకాలు కొనాలన్న నిర్ణయం చాలవరకు రాజధానిలోనే జరుగుతుంది. ఇచ్ఛాపురం శాఖలో ఏమి అడుగుతున్నారో, పార్వతీపురంలో ఏమి అడుగుతున్నారో అక్కడివారికెట్లా తెలుస్తుంది? ప్రతి పాఠకునికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలన్నవి రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో రెండు. పాఠకుల సూచనలు రాసే పుస్తకం ఒకటి ప్రతి గ్రంథాలయంలోనూ బల్లమీద ఉండాలి, ఉన్నచోట అందులో ఎవరైనా రాయాలి, రాసినది ఎవరైనా చదవాలి. ఈ మూడూ ఒక్కచోట కలవడం అరుదు. పత్రికలకు 'నాకు నచ్చిన పుస్తకం' అని రెండు పుటల వ్యాసం పంపే ఉత్సాహంలో పదోవంతు ఆ సూచనల పుస్తకంలో ఒక్క పంక్తి రాయడానికి చూపితే, ఊళ్ళో మరొకనికి ఆ పుస్తకం ఉచితంగా దొరికే అవకాశం ఉంటుంది.

అక్కడ రాసేవారు గొప్ప పుస్తకాల పేర్లే రాయనక్కరలేదు. దొరకని పుస్తకాల పేర్లు, అసలు పేరే తెలియని పుస్తకాల అవసరాలు రాస్తే అంతకన్న మేలు. 2018 చివర గుజరాత్ తీరం నుంచి వేటకు పోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సరిహద్దు దాటినారని పాకిస్తాన్‌వారు పట్టుకొని, ఒక సంవత్సరానికి పైగా చెరలో ఉంచి, 2020 జనవరిలో విడిచిపెట్టారు. ఇంటివద్ద వేట సాగక వేరావలు పోయి కూలికి వలలు వేసే కుర్రవాళ్ళు వారు. నీటిమీద గీత కనబడదు. ఆ గీత ఎక్కడ ఉన్నది, దేశాల నడుమ సముద్రం ఎట్లా పంచుకోబడింది, పట్టుబడితే మనిషికి ఏ హక్కులుంటాయి అన్నవి పదో తరగతి చదివిన జాలరి యువకునికి అర్థమయ్యే తెలుగులో చెప్పిన పుస్తకం ఏది? పుస్తక ప్రియులలో ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలవారెందరు? పేరు తెలిసినవారు దానిని భావనపాడు, కళింగపట్నం ఊళ్ళ గ్రంథాలయాలకు రాసి పంపాలి. ఎవరికీ తెలియకపోతే ఆ సంగతి కూడా సూచనల పుస్తకంలో రాయవలసిందే. రాయగలవాడు ఎవడైనా దానిని చూడవచ్చును.